విరిగిన మనసు అతుకుతుందా?

తండ్రీ కొడుకూ ఒకే ఇంట్లో ఉంటారు, ఇద్దరి మధ్యా మాటల్లేవు. కొడుకు ఎదురుగా కుర్చీలోనే ఉన్నా తండ్రి వంటింటి వైపు తిరిగి, "వాణ్ణి తినమను, అన్నం చల్లారిపోతోంది" అంటాడు. కొడుకు కూడా అటే చూస్తూ, "ఆకలిగా లేదని చెప్పమ్మా" అంటాడు. నాలుగడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్యా తల్లి కబుర్లు మోస్తుంటుంది. వెతుక్కుంటూ పోతే, ఎప్పుడో పదో తరగతి ఫలితాలొచ్చిన రోజున చుట్టాల ముందు తండ్రి అన్న ఒక మాట దగ్గర తేలుతుంది ఈ గొడవ మూలం. ఆ మాట ఆయనకి గుర్తు కూడా లేదు. కొడుక్కి మాత్రం ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగుతో సహా గుర్తుంది.

కొన్ని నెలలు గడిచాక ఓ రాత్రి తండ్రి నేరుగా కొడుకు మొహంలోకి చూసి, "తిన్నావా?" అంటాడు. "ఆఁ" అంటాడు కొడుకు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అయిపోయింది, గొడవ తీరిపోయింది. నిజంగా తీరిందా?

ఇనుమునీ మనసునీ పోల్చి చెప్పిన వేమన పద్యం చిన్నప్పుడు బడిలో చదివినవాళ్ళమే. విరిగిన మనసు అతకదన్నది ఆ పద్యం తీర్పు. మనస్తత్వ శాస్త్రం దాదాపు నూరేళ్ళుగా ఈ తీర్పు మీదే అప్పీలు వింటోందనుకోవచ్చు. మనసుకి తగిలిన గాయాలు మనిషిని ఏం చేస్తాయి, అవి మానతాయా, మానితే దేనివల్ల? ఇందులో తేలిందెంత, తేలనిదెంత, మన ఇళ్ళకి పనికొచ్చేదెంత అని చూడటమే ఈ సమీక్ష పని. ఆ పరిశోధనల్ని వరసపెట్టి చదువుతుంటే ఒక మాట మాత్రం అడుగడుగునా కాలికి తగులుతుంది: ఒప్పుకోలు.

దెబ్బ కన్నా కాదనడం

1932లో జర్మనీలోని వీస్‌బాడెన్‌లో జరిగిన మనోవిశ్లేషకుల సభలో హంగరీ వైద్యుడు శాండర్ ఫెరెంజీ ఒక పత్రం చదివాడు. పెద్దవాళ్ళ చేతుల్లో నలిగిన పిల్లల గురించి అది. ఆ పిల్లలు చెప్పేది కల్పన కాదనీ, నిజంగా జరిగిందేననీ అన్నాడు. పిల్లవాడికి తగిలిన దెబ్బ ఎంత చేటో, తర్వాత పెద్దలు "ఏమీ జరగలేదు" అనడం అంతకన్నా చేటన్నది ఆయన ఆలోచనల్లో కీలకం. గురువైన ఫ్రాయిడ్‌కి ఆ పత్రం నచ్చలేదు. మరుసటి ఏడాది ఫెరెంజీ చనిపోయాడు. ఆ మాటకి విలువ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూరప్‌లో ఇల్లూ వాకిలీ పోయిన పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ బ్రిటిష్ వైద్యుడు జాన్ బౌల్బీ చేత 1951లో ఒక నివేదిక రాయించింది. పసివాడికి తిండి ఎంత అవసరమో, విడవకుండా అంటిపెట్టుకుని చూసుకునే మనిషి కూడా అంతే అవసరమని ఆయన వాదించాడు. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో, ఆసుపత్రిలో చేరిన రెండేళ్ళ పాప మీద ఒక సినిమా తీశాడు. తల్లిదండ్రుల్ని ఎప్పుడంటే అప్పుడు వార్డులోకి రానివ్వని రోజులవి. ఇలాంటి పిల్లలు మొదట ఏడుస్తారు, తర్వాత దిగులుగా ముడుచుకుంటారు, ఆ తర్వాత నెమ్మదిస్తారు. ఆ నెమ్మదిని చూసి "సర్దుకుంది" అనేవాళ్ళు ఆసుపత్రి వాళ్ళు. అది సర్దుకోవడం కాదు, ఆశ వదులుకోవడం అన్నాడు రాబర్ట్‌సన్. సినిమా చూసిన వైద్యుల్లో చాలామందికి కోపమొచ్చింది. కానీ ఆసుపత్రుల తలుపులు తల్లులకి తెరుచుకోవడంలో ఆ సినిమా వంతు కాస్తా కూస్తా కాదు.

ఇది చదివినప్పుడు నాకు మన హాస్టళ్ళు గుర్తొస్తాయి. "మొదటి వారం ఫోన్‌లో ఒకటే ఏడుపండీ, ఇప్పుడు అలవాటైపోయింది" అని ఎంత తేలిగ్గా చెప్పుకుంటాం! పద్నాలుగేళ్ళవాడు రెండేళ్ళ పాప కాడు, నిజమే. హాస్టల్లో చదివిన ప్రతివాడికీ గాయమైందని చెప్పడానికి ఆధారమూ లేదు. అక్కడే ప్రాణ స్నేహితులు దొరికినవాళ్ళు కొల్లలు. కానీ ఏడుపు ఆగిపోవడాన్ని అలవాటు కింద జమకట్టే ముందు ఒక్కసారి అడిగి చూడాలన్న జాగ్రత్త మనకి లేదు. గల్ఫ్‌కి పోయిన తండ్రి రెండేళ్ళకోసారి చాక్లెట్లతో వస్తే దగ్గరికి పోకుండా తల్లి కొంగు పట్టుకున్న పిల్లల్ని కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. "సిగ్గు పడుతున్నాడు" అంటాం. సిగ్గే కావచ్చు, మరొకటీ కావచ్చు.

బౌల్బీతో కలిసి పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండా పల్లెల్లోనూ, తర్వాత అమెరికాలోని బాల్టిమోర్‌లోనూ తల్లీబిడ్డల్ని దగ్గరుండి గమనించింది. తల్లి గదిలోంచి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు బిడ్డ ఏం చేస్తుందన్నదే ఆమె పరీక్ష. కొందరు పరుగెత్తి చంకెక్కి ఊరుకుంటారు. కొందరు ఎత్తుకున్నా ఊరుకోరు. ఇంకొందరు అసలేమీ పట్టనట్టు బొమ్మలతో ఆడుకుంటారు. వీళ్ళు భలే బుద్ధిమంతుల్లా కనిపిస్తారు. తీరా గుండె వేగం కొలిచి చూస్తే, పైకి నిమ్మళంగా ఉన్న ఈ పిల్లల గుండె కూడా గట్టిగానే కొట్టుకుంటోందని 1977లో వేరే పరిశోధకులు చూపించారు. అడగడం దండగని ఏడాది వయసులోనే నేర్చుకున్న పిల్లలు వాళ్ళు.

గాయం తలరాతా?

1987లో సిండీ హేజన్, ఫిలిప్ షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు డెన్వర్‌లోని ఒక దినపత్రికలో ప్రేమ గురించి ప్రశ్నావళి అచ్చువేయించారు. వచ్చిన జవాబుల్లో 620 తీసి చూస్తే పసిపిల్లల్లో కనబడిన మూడు తీర్లే పెద్దవాళ్ళ ప్రేమల్లోనూ కనబడ్డాయి. సగానికి పైగా నిబ్బరంగా ఉన్నవాళ్ళు, పాతిక శాతం దాకా దగ్గరైతే బెదిరేవాళ్ళు, మిగిలినవాళ్ళు ఎక్కడ వదిలేస్తారోనని వేలాడేవాళ్ళు. ఇవాళ ఇన్‌స్టాగ్రామ్‌లో తిరుగుతున్న "నీ అటాచ్‌మెంట్ స్టైల్ ఏమిటి?" అన్న ఆటలకి ముత్తాత ఆ ప్రశ్నావళే.

ఈ సంగతిని తెలుగు నవల అంతకు చాలా ముందే పట్టుకుంది. 1940ల్లో బుచ్చిబాబు రాసిన 'చివరకు మిగిలేది'లో దయానిధిని జీవితమంతా వెంటాడేది తల్లి మీద పడ్డ నింద. అతను చేసిన తప్పంటూ ఏమీ లేదు. అయినా కోమలి దగ్గరా, అమృతం దగ్గరా, కట్టుకున్న ఇందిర దగ్గరా అతను నిలవలేకపోవడానికి ఆ నీడ అడ్డుపడుతూనే ఉంటుంది. ఊళ్ళో ప్రతివాళ్ళూ గుసగుసలాడే విషయం గురించి అతనితో కూర్చుని తిన్నగా మాట్లాడిన మనిషి దొరకడం ఎంత కష్టమో చూస్తే ఫెరెంజీ మాట మళ్ళీ గుర్తొస్తుంది.

అయితే చిన్ననాటి గాయం పెద్దయ్యాక తలరాత అవుతుందా? కాదు. ఈ విషయంలో పరిశోధన మన జానపద జ్ఞానం కన్నా ఆశాజనకంగా ఉంది. పసితనంలో కనబడిన తీరు పెద్దయ్యాక అలాగే నిలిచే అవకాశం మొదట్లో అనుకున్నంత బలంగా లేదని తర్వాతి అధ్యయనాలు తేల్చాయి. దెబ్బలు తిన్న పిల్లలంతా దెబ్బలు కొట్టే తల్లిదండ్రులవుతారన్న నమ్మకాన్ని 1987లో జోన్ కాఫ్‌మన్, ఎడ్వర్డ్ జిగ్లర్ పరీక్షించారు. అలా మారేవాళ్ళు సుమారు 30 శాతమన్నది వాళ్ళ అంచనా. అంటే ఎక్కువమంది ఆ గొలుసు తెంపుకుంటున్నారు. ఎలా తెంపుకుంటున్నారన్న ప్రశ్నకి అమెరికాలోని మిన్నెసోటా పరిశోధకులు 1988లో జవాబిచ్చారు. అలాంటి తల్లుల బతుకుల్లో మూడింట్లో ఏదో ఒకటి ఉంది: చిన్నప్పుడు ఆదుకున్న మరో పెద్దమనిషి, చాలాకాలం సాగిన మానసిక చికిత్స, నిలకడగా తోడున్న భాగస్వామి. మూడూ మనుషులే. మనవాళ్ళు "అమ్మమ్మ ఇల్లు" అనేటప్పుడు గొంతులో వచ్చే మెత్తదనానికి అర్థం ఇందులో కొంత ఉంది. కొట్టే తండ్రి ఉన్న ఇంట్లో అడ్డం పడే నాయనమ్మో, వేసవి సెలవుల్లో తీసుకుపోయే మేనమామో ఉండటం చిన్న విషయం కాదు.

మనోవిశ్లేషకురాలు సెల్మా ఫ్రైబర్గ్ 1975లో ఇంకొంచెం లోతుకి వెళ్ళింది. తమ బాల్యంలో ఏం జరిగిందో చాలామంది తల్లులకి గుర్తుంటుంది. "మా నాన్న బెల్టుతో కొట్టేవాడు" అని నవ్వుతూ చెప్పగలరు. అప్పుడు ఎంత భయమేసిందో, ఎంత ఏడుపొచ్చిందో గుర్తున్నవాళ్ళు మాత్రం తమ బిడ్డల మీద చెయ్యెత్తకుండా ఆగగలిగారని ఆమె గమనించింది. బెల్టు సంగతి మర్చిపోనివాళ్ళు మన చుట్టూ చాలామందే ఉన్నారు. "అలా కొట్టబట్టే ఇంతవాళ్ళమయ్యాం" అనేది వాళ్ళే. సంఘటన గుర్తుంది, నొప్పి లేదు. మేరీ మెయిన్ 1980ల్లో పెద్దవాళ్ళని బాల్యం గురించి వివరంగా అడిగి ఇలాంటి ఫలితానికే వచ్చింది. బాల్యం సుఖంగా గడిచిందా కష్టంగా గడిచిందా అన్నదాని కన్నా, ఆ కథని దాచకుండా, కొట్టుకుపోకుండా, పొందిగ్గా చెప్పగలుగుతున్నారా లేదా అన్నది వాళ్ళ పిల్లల తీరుని బాగా పట్టిచ్చింది. ఎవరికైనా ఒప్పుకోలు మొదలయ్యేది తన దగ్గరే.

నాలుగు మందులు, ఎంతెంత పనిచేస్తాయి

మొదటిది రాసుకోవడం. 1986లో జేమ్స్ పెన్‌బేకర్ కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట, తమని కలచివేసిన సంఘటన గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళకి బాధ పెరిగింది. కానీ జరిగిందీ, అనిపించిందీ రెండూ రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది. 2006లో 146 అధ్యయనాలని కలిపి లెక్కేస్తే మేలు ఉన్నమాట నిజమేననీ, అది చాలా చిన్నదనీ తేలింది. ఖర్చు లేని మందు, అద్భుతం మాత్రం కాదు. పైగా ప్రతి గాయాన్నీ వెంటనే కెలకడం మంచిది కాదు. ప్రమాదం జరిగిన వెంటనే బాధితుల్ని కూర్చోబెట్టి ఒకే విడతలో అంతా చెప్పించడం వల్ల మేలు కనబడలేదనీ, కొందరికి కీడే జరిగి ఉండవచ్చనీ వైద్య అధ్యయనాలని కలిపి తూచే కాక్రేన్ సమీక్ష 2002లో హెచ్చరించింది. "ఏడ్చెయ్, బరువు దిగిపోతుంది" అన్న మన సలహా అందరికీ, అన్ని వేళలా సరిపోదన్నమాట.

రెండోది జంటలకిచ్చే చికిత్స. కెనడాలో సూ జాన్సన్ బృందం ఒక ప్రత్యేకమైన గాయాన్ని గుర్తించింది. బాగా అవసరమైన ఘడియలో తోడు లేకపోవడం అది. మన ఇళ్ళలో దీనికి మంచి ఉదాహరణ దొరుకుతుంది. పెళ్ళై ఇరవై ఐదేళ్ళైనా, గొడవ కరెంటు బిల్లు దగ్గర మొదలైనా, చివరికి "నేను కాన్పు నొప్పులు పడుతుంటే నువ్వెక్కడున్నావ్?" దగ్గరికి చేరుతుంది. "ఇంకా ఎన్నాళ్ళు సాధిస్తావే ఆ మాట?" అంటాడు భర్త. ఆయన దృష్టిలో అది పాత కేసు. ఆమెకది ఇంకా విచారణకే రాని కేసు. 2006లో జాన్సన్ బృందం ఇలాంటి గాయమున్న 24 జంటలకి చికిత్స చేస్తే 15 జంటల్లో అది తీరింది. తీరినచోట జరిగింది ఇది: గాయపడినవాళ్ళు కోపం వెనకున్న దిగులు చెప్పగలిగారు, రెండోవాళ్ళు సంజాయిషీ మానేసి విన్నారు, తమ వంతు ఒప్పుకున్నారు, ఆ నొప్పి తమకీ తగిలినట్టు కనబడింది. చిన్న అధ్యయనమే. కానీ ఈ రంగంలో వరసక్రమాన్ని ఇంత స్పష్టంగా చూపించినవి తక్కువ.

మూడోది క్షమాపణ. 2016లో రాయ్ లెవికీ బృందం క్షమాపణని ఆరు ముక్కలుగా విడగొట్టి, మనుషుల్ని ఏది ఎక్కువ మెప్పిస్తుందో చూసింది. అన్నిటికన్నా బరువైనది "తప్పు నాదే" అని ఒప్పుకోవడం. తర్వాతది, జరిగిన నష్టాన్ని సరిచేస్తాననడం. "నన్ను క్షమించు" అని అడగడం అన్నిటికన్నా తేలికైనది. ఈ కొలబద్దతో మొదట చెప్పిన "తిన్నావా?"ని చూడండి. అందులో ప్రేమ ఉంది, సరిచేసుకోవాలన్న ఆరాటం ఉంది, మెట్టు దిగిరావడం కూడా ఉంది. లేనిదల్లా మొదటి ముక్క. మన ఇళ్ళలో పెద్దలు సారీ చెప్పరని తిట్టడం అన్యాయం. వాళ్ళు కూర వడ్డించి చెబుతారు, బండిలో పెట్రోలు పోయించి చెబుతారు, అడక్కుండానే ఫీజు కట్టి చెబుతారు. కానీ ఏ తప్పుకి అన్నది చెప్పరు. అందుకే పిల్లల దగ్గర గాయమూ ఉంటుంది, తిండి పెట్టిన చేతి మీద కోపం పెట్టుకున్నానన్న నేరభావమూ తోడవుతుంది.

నాలుగోది క్షమించడం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎవరెట్ వర్తింగ్టన్ రూపొందించిన పద్ధతిని ఇండోనేషియా, ఉక్రెయిన్, దక్షిణాఫ్రికాతో సహా ఐదు దేశాల్లో 4,598 మంది మీద పరీక్షించారు. ఎవరికి వాళ్ళు పూర్తి చేసుకునే చిన్న అభ్యాస పుస్తకంతోనే పగ తగ్గిందనీ, దిగులూ ఆందోళనా కొంత తగ్గాయనీ 2024లో ప్రకటించారు. ఆ పద్ధతి కనిపెట్టిన వర్తింగ్టన్ తల్లి దొంగల చేతిలో హత్యకి గురైందని తెలిస్తే ఆ పుస్తకం ఊరికే రాసింది కాదని అర్థమవుతుంది. క్షమించడమంటే మళ్ళీ కలిసిపోవడం కాదని ఈ రంగంలో దాదాపు అందరూ గట్టిగా చెబుతారు. మన వాడుకలో ఈ రెంటికీ తేడా చెరిగిపోయింది. "క్షమించేశావుగా, ఇక కాపురానికి వెళ్ళు" అంటాం.

సర్దుకుపొమ్మనే ముందు

ఆ తేడా ఎందుకు ముఖ్యమో 2010, 2011లో వచ్చిన రెండు అధ్యయనాలు చూపించాయి. తప్పు చేసినవాళ్ళు దిద్దుకునే ప్రయత్నంలో ఉంటే, క్షమించినవాళ్ళకి తమ మీద తమకి గౌరవం పెరుగుతుంది. దిద్దుకోకపోయినా క్షమిస్తూ పోతే అది తరిగిపోతుందని లారా లూచీస్ బృందం తేల్చింది. కొత్తగా పెళ్ళైన జంటల్ని కొన్నేళ్ళు గమనించిన జేమ్స్ మెక్‌నల్టీకి, మాటిమాటికీ క్షమించేవాళ్ళ ఇళ్ళలో ఎదుటివాళ్ళ దూకుడు తగ్గకుండా అలాగే కొనసాగడం కనబడింది.

ఇది మనకి చాలా దగ్గరి సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్ళైన స్త్రీలలో భర్త చేతిలో హింస ఎదుర్కొన్నవాళ్ళు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. ఇలాంటి ఇళ్ళలో "గాయం మాన్పుకుని బంధం నిలబెట్టుకో" అన్న సలహా మందు కాదు, దెబ్బకి మరో పేరు. మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో కోలుకోవడానికి మూడు దశలు చెప్పింది. మొదటిది భద్రత, ఆ తర్వాతే జరిగింది తలచుకుని దుఃఖించడం, చివరికి నలుగురిలో కలవడం. మన పెద్దమనుషుల పంచాయితీల్లో ఈ వరస తలకిందులు. కలపడంతో మొదలుపెడతారు, భద్రత దేవుడికి వదిలేస్తారు. ముప్పై ఏళ్ళ తర్వాత 2023లో హెర్మన్ మరో పుస్తకం రాసింది. బాధితులకి న్యాయమంటే ఏమిటని వాళ్ళనే అడిగితే, ప్రతీకారం కన్నా ఎక్కువగా వాళ్ళు కోరింది జరిగింది తప్పని చుట్టూ ఉన్నవాళ్ళు ఒప్పుకోవడం. కుల అవమానాల విషయంలోనూ ఇంతే. గ్లాసు వేరుగా పెట్టిన ఊరు ఆ మాట ఒప్పుకోకుండా, గ్లాసు వేరైనవాణ్ణి ధ్యానం చేసుకొమ్మనడంలో అర్థం లేదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

తెలుగులో కౌన్సెలింగ్ అన్న మాట పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇంటర్ పాసైన ఇంట్లో అది ఇంజనీరింగ్ సీట్ల కేటాయింపు. పేపర్లో అయితే, తాగి బండి నడిపినవాళ్ళని పోలీసులు వరసగా నిలబెట్టి మందలించడం. కాపురాల విషయంలో రాజీకి ఒప్పించడం. ఒక మనిషి ఎదురుగా కూర్చుని, తీర్పు చెప్పకుండా వినడమన్న అసలు అర్థం చిట్టచివర వస్తుంది. అలా వినేవాళ్ళూ తక్కువే. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవాళ్ళలో చికిత్స అందనివాళ్ళు, జబ్బుని బట్టి, 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారు. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రుల పేర్లు చెబితే ఇప్పటికీ ఎగతాళి గుర్తొచ్చే చోట మొదటి అడుగు వెయ్యడం తేలిక కాదు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సహాయ సేవకి 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. గోవాలో విక్రమ్ పటేల్ బృందం మామూలు మనుషులకే శిక్షణనిచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దిగులు జబ్బుకి మాటలతో సాయం చేయించి ఫలితం చూపించింది. ప్రతి ఊరికీ సైకియాట్రిస్టు రావడానికి ముందే, వినడం నేర్చిన మనిషి రావచ్చన్నమాట.

ఈ పరిశోధనకి లోపాలూ ఉన్నాయి. ఎక్కువ భాగం అమెరికా, యూరప్ దేశాల్లో, తల్లీ బిడ్డా లేదా భార్యా భర్తా అన్న ఇద్దరి లెక్కలో సాగింది. పిన్నీ బాబాయీ, అత్తా ఆడపడుచూ కలిసి ఉండే ఇంట్లో గాయం ఎలా తిరుగుతుందో, మందు ఎటునుంచి వస్తుందో చెప్పే పని ఇంకా మిగిలే ఉంది. మరో పక్క గాయం అన్న మాటే పల్చబడిపోతోంది. కాస్త కటువుగా మాట్లాడిన ప్రతివాడూ టాక్సిక్, ప్రతి చేదు జ్ఞాపకమూ ట్రామా. అలా అనుకుంటే ఒప్పుకోవాల్సినవాళ్ళ జాబితాలో ఎప్పుడూ ఎదుటివాళ్ళే ఉంటారు.

ఈ అతికి నాకు నచ్చిన విరుగుడు ఎడ్వర్డ్ ట్రోనిక్ పరిశీలన. తల్లి ముఖంలో కదలిక లేకుండా కూర్చుంటే పసిబిడ్డ ఎంత అల్లాడిపోతుందో 1970ల్లో చూపించినవాడాయన. తర్వాత మామూలు తల్లీబిడ్డల్ని క్షణక్షణం కొలిచి చూస్తే, బాగున్న జంటల్లో కూడా ఇద్దరి భావాలూ కలిసి ఉండేది మూడో వంతు సమయమే. మిగతా అంతా తప్పిపోవడం, మళ్ళీ పట్టుకోవడం. తప్పిపోకపోవడం కన్నా మళ్ళీ పట్టుకోవడమే బిడ్డకి నమ్మకం నేర్పుతుంది. ఇంట్లో మాట జారని తండ్రి ఎవరూ ఉండరు. జారిన మాటని తిరిగి తీసుకునే తండ్రి ఉంటే చాలు.

వేమన తీర్పు మాటేమిటి? మునుపటిలా అతకదన్నంత వరకూ ఆయనే గెలిచాడు. అతుకు కనబడుతూనే ఉంటుంది. అసలు అతకదన్నది మాత్రం నిలవలేదు.

ఆ ఇంట్లో ఇంకో రాత్రి ఊహించుకుందాం. తండ్రి కంచం ముందు కూర్చుని, పప్పులో నెయ్యి కలుపుతూ, తల ఎత్తకుండానే అంటాడు: "ఆ రోజు అందరి ముందూ నిన్నలా అనకుండా ఉండాల్సింది. నాదే తప్పు." కొడుకు ఏమీ అనడు. సినిమాలో లాగా కౌగిలింతలుండవు. బహుశా అతనికి ఇంకా కోపమే ఉండొచ్చు, దానికి హక్కుంది. కాసేపటికి అతను తల్లి వైపు తిరక్కుండా, నేరుగా తండ్రినే అడుగుతాడు: "ఆ పచ్చడి ఇటివ్వండి."